పనస చెక్క ఉడికిన నీళ్ళు

బెంగళూరు మహదేవపురలో మేము అద్దెకున్న ఇంటి వెనక ఒక పెద్ద పనస చెట్టు ఉండేది. మే నెలలో ఒక సాయంత్రం వడగళ్ళతో గాలివాన వచ్చి దాన్ని నడిమికి చీల్చేసింది. సగం మాను ప్రహరీ మీదికి ఒరిగింది. మిగతా సగం ఏమీ జరగనట్టు నిలబడే ఉంది. తెల్లారి తలుపు తీసేసరికి పెరడంతా ఆకులు, పగిలిన కాయలు, ఈగలు. విరిగిన చోట కారిన పాల వాసన, మగ్గిన పండు వాసన కలిసిపోయి గాలి బరువుగా ఉంది. మా ఆయన స్కూటర్ అద్దం ఒకటి విరిగింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఇల్లు డెబ్బై దాటిన ఒకావిడది. అద్దెకున్నవాళ్ళం అందరం ఆమెను ఓనరమ్మ అనేవాళ్ళం. ముందు వాటాలో ఆమె, కొడుకు, కోడలు ఉండేవారు. వెనక వాటా మాది. పై వాటాలో ఇంకో కుటుంబం. కొడుకూ కోడలూ పొద్దున్నే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఆఫీసులకు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఓనరమ్మ భర్త పోయి అప్పటికి మూడేళ్ళవుతోంది. ఆమె పెళ్ళై వచ్చేనాటికి అది అచ్చంగా ఊరేనట. చుట్టూ రాగి చేలు, ద్రాక్ష తోటలు. ఇప్పుడు మేడ ఎక్కితే ఎటు చూసినా ఆఫీసుల అద్దాలే. వాళ్ళవి తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు. మాది ఖమ్మం వైపు. మొదట్లో ఆమె తెలుగు నాకు, నా తెలుగు ఆమెకు వింతగా తోచేవి. ఆమె తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగించేది. కొన్నాళ్ళకు నాకూ అదే అలవాటైంది.

చెట్లు కోసేవాళ్ళు వచ్చి, నిలబడ్డ సగాన్ని ఉంచితే ఎప్పుడైనా ఇంటి మీద పడుతుందన్నారు. కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. మెట్టు మీద కుర్చీ వేసుకుని, కోత మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా అక్కడే కూర్చుంది. రంపం లోపలికి దిగేకొద్దీ పసుపు పచ్చటి పొట్టు ఎగిరి ఆమె కాళ్ళ మీద పడింది. ఆమె దులుపుకోలేదు. చివర్లో దుంగలను కట్టెల అడితికి వేస్తామని వాళ్ళు అంటుండగా నేను దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆ దుంగలు కొన్ని నాకిస్తారా?"

"ఏం చేస్తావు?"

"గిన్నెలు చేస్తాను."

నేను కారు షెడ్డులో ఏదో మిషన్ పెట్టుకుని గరగరలాడిస్తానని ఆమెకు తెలుసు. దాంతో ఏం చేస్తానో ఎప్పుడూ అడగలేదు. "పనసమానుతో వీణలు చేస్తారని విన్నాను," అంది. "గిన్నెలు యాడా చూళ్ళేదు. సరి, తీసుకో. పొయ్యిలోకి పోయేదానికన్నా మేలు కదప్పా."

ఆ మిషన్ ఒక చిన్న లేత్, అంటే కర్రను తిప్పుతూ చెక్కే తరిమెన. మా అమ్మమ్మ ఇంట్లో తరిమెన పట్టిన కోళ్ళ మంచం ఉండేది. గుండ్రంగా, నున్నగా, ఒకదాని కింద ఒకటి గాజులు తొడిగినట్టుండే ఆ కోళ్ళను చిన్నప్పుడు గంటల తరబడి నిమిరేదాన్ని. నలభై దాటాక, ఒక శనివారం సరదాకు వెళ్ళిన క్లాసులో తరిమెన పని మళ్ళీ కనబడింది. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే, అప్పటిదాకా లేని ఆకారం చేతి కింద పుట్టుకొస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో లేత్ కొంటానంటే నవ్వాడు. "ట్రెడ్‌మిల్ కొన్నప్పుడూ ఇట్లాగే అన్నావు," అన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ లేత్ కూడా ట్రెడ్‌మిల్ లాగే బట్టలారేసుకోవడానికే పనికొచ్చింది. చెట్టు పడిన ఏడాది జనవరిలో మా కంపెనీలో మా జట్టు మొత్తాన్నీ తీసేశారు. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని నాది. ఒక సోమవారం పొద్దున లేచి చూస్తే వెతకడానికి ఏమీ లేదు. అప్పుడు షెడ్డులోకి వెళ్ళి లేత్ మీది బట్టలు తీశాను.

అంతవరకూ నేను ఎండిన కర్రతోనే పని చేశాను. పచ్చి కర్రను ముట్టుకోవడం అదే మొదలు. దుంగల చివర్ల నుంచి తడి పోకుండా పాత పెయింట్ పూసి నీడన పెట్టాను. ఒకదాన్ని మాత్రం రంపంతో నిలువునా చీల్చి, అంచులు గుండ్రంగా కోసి లేత్‌కు ఎక్కించాను. ఎండిన కర్ర ఉలి కింద కీచుమంటుంది, పొడి పొడిగా రాలుతుంది. ఇది అట్లా కాదు. కొబ్బరి కోరులా మెత్తగా, పొడుగాటి చుట్లు చుట్లుగా ఊడివచ్చి నా భుజం మీదికి, జుట్టులోకి ఎగిరింది. తడి తుంపర కళ్ళద్దాల మీద పడింది. లోపల చేవ పచ్చటి పసుపు రంగు. అంచున చేవ పట్టని తెల్లటి చార. సాయంత్రానికి గిన్నె తయారైంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా ఉంది. నా చేత్తో నేను అంతకు ముందు అంత అందమైన వస్తువు చేయలేదు.

ఓనరమ్మ తులసికోటకు దీపం పెట్టి ఇటు వచ్చింది. గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. వేలితో లోపలి రేఖలు తడిమింది.

"ఇది నాకి ఇయ్యి."

"ఇంకా పచ్చిగా ఉందమ్మా. ఆరాలి. ఆరాక మళ్ళీ ఒకసారి చెక్కాలి."

"మా ఇంట్లోనే ఆరతాది లే," అని కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. గిన్నె అదే కొంగులో ఉంది. అంచు నుంచి అడుగుదాకా నెర్రె విచ్చింది. చిటికెన వేలు దూరేంత సందు. దాన్ని పోయిన భర్త ఫోటో ముందు పెట్టి, అందులో రోజూ మల్లెలు పోసిందట. ఆ పొద్దున కాఫీ తాగుతుంటే టప్పుమని చప్పుడైందట.

"ఏమన్నా దోషమా అమ్మా ఇది?" అని అడిగింది. గొంతులో బెదురు లేదు. తెలుసుకుందామనే అడుగుతోంది.

నాకు తెలిసినంత చెప్పాను. కర్రలో నీళ్ళుంటాయి. అంచు పల్చన కాబట్టి ముందు ఆరి ముడుచుకుంటుంది. అడుగు మందం, అది ఇంకా తడిగా ఉబ్బి ఉంటుంది. ఒకటి ముడుచుకుంటానంటుంది, రెండోది కదలనంటుంది. ఆ లాగుడులో పగులుతుంది. మెల్లగా ఆరబెడితే రెండూ కలిసి ముడుచుకుంటాయి.

"మెల్లగా అంటే?"

"కొన్ని నెలలు. ఒక్కోసారి ఏడాది కూడా పడుతుందట."

"ఏడాదా." ఆమె గిన్నెను మా అరుగు మీద పెట్టింది. "అంతదాకా నేను ఉంటానో లేదో ఎవరికి తెలుసు. ఈసారి ఆయన తిథికి ఈ మానుది ఏదన్నా ఒకటి పెట్టాలని ఉండింది నాకి."

భర్త చనిపోయిన తిథి డిసెంబరులో వస్తుంది. అప్పుడు జూన్ మొదలవుతోంది. పైగా వానాకాలం. బెంగళూరు వానల్లో పచ్చి కర్రను గాలికి పెడితే పగలకపోతే బూజు పడుతుంది. నేను ఆమెకు మాటేమీ ఇవ్వలేదు. కానీ ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ పగిలిన గిన్నెను చూస్తూ కూర్చున్నాను. పగులును ముందే పట్టుకోవడం నా వృత్తి. పగలకుండా చేయమని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

అప్పటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. కొందరు పచ్చి గిన్నెలను సబ్బు నీళ్ళలో నానబెడతారు. కొందరు పొట్టులో పూడ్చిపెడతారు. ఎక్కువమంది చెప్పింది ఉడకబెట్టడం గురించి. ముందు గిన్నెను మందంగా, మోటుగా చెక్కుకోవాలి. దాన్ని గంటా రెండు గంటలు నీళ్ళలో మరిగించాలి. ఆ వేడికి కర్రలోని బిగువు సడలుతుందని, తర్వాత తడి త్వరగా, సమంగా బయటికి పోతుందని అంటారు. నిజంగా లోపల ఏం జరుగుతుందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే: పగుళ్ళు తగ్గుతాయి, పూర్తిగా పోవు.

"కందిపప్పు ఉడికిందో లేదో చూడమంటే విసుక్కునేదానివి," అన్నాడు మా ఆయన. "ఇప్పుడు కర్ర ఉడకబెడతావా?"

జూన్‌లో నేను వరసగా గిన్నెలు చెక్కాను. బొటనవేలంత మందం ఉంచి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా చిన్నవి, పెద్దవి. ఆరిపోకుండా తడి గోనెసంచి కప్పి పెట్టాను. అన్నిటినీ ఒకేసారి ఉడికించే పాత్ర నా దగ్గర లేదు. ఆ మాట ఓనరమ్మ చెవిన పడగానే ఆమె కొడుకును అటక ఎక్కించింది. అతను బోర్లించి ఉన్న ఒక అల్యూమినియం గుండిగను దించాడు. పెళ్ళిళ్ళలో పులిహోర కలిపేంత గుండిగ. ఇంట్లో శుభకార్యాలన్నిటికీ అన్నం వండింది అందులోనేనట. కేటరింగ్ వాళ్ళు వచ్చాక అటకెక్కింది.

ఆదివారం తెల్లవారుజామునే పెరట్లో మూడు రాళ్ళు పెట్టాం. కొట్టేసిన కొమ్మల్లో ఎండినవే పొయ్యిలోకి కట్టెలు. ఓనరమ్మ మంట దగ్గర నన్ను కూర్చోనివ్వలేదు. "నీకి గ్యాసు అలవాటు. నువ్వు సుమ్నే ఉండు, ఊరికే కూర్చో," అని తనే పీట వేసుకుని కూర్చుంది. నీళ్ళు కాగాక గిన్నెలు వదిలితే అన్నీ పైకి తేలాయి. వాటి మీద ఒక ఇనుప జల్లెడ బోర్లించి, ఆమె రుబ్బురోలు పొత్రం తెచ్చి దాని మీద బరువు పెట్టింది. అప్పుడు మునిగాయి.

మొదట గిన్నెల అంచుల నుంచి సన్నటి బుడగలు వచ్చాయి. తర్వాత నురగ. దాన్ని గరిటెతో తీసేస్తూ వచ్చాం. పనస గింజలు ఉడికినట్టు వాసన లేచింది. పై వాటావాళ్ళు కిందికి తొంగి చూసి, "ఏం వండుతున్నారు ఆంటీ?" అని అడిగారు. "కర్ర," అంది ఓనరమ్మ. వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

నీళ్ళు ముందు పల్చటి టీ రంగులోకి వచ్చాయి. చూస్తుండగానే పసుపుకు తిరిగాయి. మొదటి వాయి తీసి రెండో వాయి వేసేసరికి, పసుపుకొమ్ములు నలగ్గొట్టి వేసినట్టయింది. గరిటెతో ఎత్తి పోస్తే ఎండలో బంగారు తీగలా సాగింది. పనస చేవలో ఆ రంగు ఉంటుందని, దాంతో బట్టలకు అద్దకం వేసేవాళ్ళని తర్వాత చదివాను. అప్పుడు నాకు తెలీదు. గిన్నెలన్నీ తీసి పాత తువ్వాళ్ళ మీద బోర్లించాను. గుండిగను కాలువ వైపు వంచుదామని మసిగుడ్డలు అందుకున్నాను.

"పారబోస్తావా?" అంది ఓనరమ్మ.

"ఇంకెందుకమ్మా ఇవి?"

"కొంచెం ఉండు."

లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతుల నిండా తెల్ల పంచెలు. అన్నీ ఆయనవి. ఇస్త్రీ మడతలు పోకుండా ట్రంకు పెట్టెలో దాచినవి. నాఫ్తలీన్ ఉండల వాసన కొట్టాయి. వాటిని పీట మీద పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది.

"అనాథాశ్రమానికి ఇద్దామని కొడుకు అంటాడు. తప్పు లేదు. కానీ ఈ వీధిలోనే ఎవరన్నా ఆయన పంచె కట్టుకొని ముందర పోతావుంటే, వెనకనుంచి చూసి నేను పిలిచేస్తానేమో అని ఉండాది నాకి. ఇంట్లో పెట్టుకుంటే పెట్టె తెరిచినప్పుడల్లా బేజారు. మూడేండ్లు అట్లనే పెట్టినాను."

వాటికి ఆ రంగు వేద్దామంటోందని అప్పుడు అర్థమైంది. తెల్ల బట్టను పసుపులో ముంచడం, అదీ ఆమె, ఆయన పంచెలను. ఇంట్లో వాళ్ళు ఏమంటారోనని లోపల కొంచెం జంకాను. "మీ అబ్బాయినొకసారి అడగండి," అన్నాను.

"వాడు నిద్ర లేచి పేపరు చదువుతావుండాడు. వాన్నెందుకు లేపేది." ఆ మాటలో పొంతన లేకపోవడం ఆమెకే నవ్వు తెప్పించింది. నేనూ నవ్వాను. ఇక అడగడం అక్కడితో ఆగిపోయింది.

ఆమె పటిక ముక్క ఒకటి తెచ్చి నలగ్గొట్టి నీళ్ళలో వేసింది. రంగు నిలవాలంటే పటిక వేస్తారని చిన్నప్పుడు చూసిందట. మొదటి పంచెను తానే వదిలింది. అది నీటి మీద గాలి బుడగలా ఉబ్బి, నిదానంగా తడిసి కిందికి దిగింది. కట్టెతో అటూ ఇటూ తిప్పుతూ, నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ మాను పెట్టినప్పుడు మా ఇద్దరికీ జగడం. నేను నిమ్మ పెడదామంటి. ఆయన పనసే కావాలనె. నాకి పనస వాసన పడదు. చిన్నప్పటినుంచీ కడుపులో తిప్పతాది. చెప్పలేదు ఆయనకి."

"ఎప్పుడూ చెప్పలేదా?"

"కొత్త కోడల్ని, ఎట్ల చెప్పేది? తర్వాత కాయలు కాసినాక చెప్దామంటే, అప్పటికే ఊరంతా మా పనస బాగుంటాదని పేరు. ఆదివారం పొద్దున చేతులకి నూనె రాసుకొని కోసేదాన్ని. తొనలు తీసి గిన్నెల్లో పెట్టి ఇంటింటికీ పంపేదాన్ని. ఆయన నా నోట్లో కూడా ఒకటి పెట్టేవాడు. మింగేదాన్ని. అన్నేండ్లూ అట్లనే మింగినాను."

"ఆయనకు తెలిసే ఉంటుందేమో."

"తెలుసో లేదో. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు." కట్టెతో పంచె అంచును పైకెత్తి రంగు చూసింది. "చెప్పి ఉంటే ఏమయ్యేది? నిమ్మ పెట్టేవాడు. అంతే కదా. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నాకే తెలీదు."

ఆ మాటలో పశ్చాత్తాపం ఉందో లేదో నేను పట్టలేకపోయాను. కోపమైతే లేదు. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి, కొంగుతో తుడుచుకుంది. పంచెలు ఒక్కొక్కటే పిండి దండెం మీద ఆరేశాం. ముందు వేసినవి లేత నిమ్మపండు రంగు, చివర వేసినవి చామంతి రంగు. అంచులు మాత్రం రంగు పట్టలేదు. నీలం అంచు నీలంగానే, జరీ అంచు జరీగానే మిగిలాయి. పదిన్నరకు కోడలు లేచి కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చి, దండెం చూసి ఆగిపోయింది. అత్తగారి ముఖం చూసింది, నా ముఖం చూసింది. "మామయ్యవా?" అని మాత్రం అడిగింది. ఓనరమ్మ తలూపింది. కోడలు కప్పు గోడ మీద పెట్టి, మిగిలిన పంచె రెండో కొస పట్టుకుని పిండింది.

గిన్నెల సంగతికొస్తే, అసలు పని అప్పుడు మొదలైంది. ఒక్కొక్కదాన్ని పాత వార్తాపత్రికల్లో చుట్టి, మెట్ల కింద గాలి ఆడేలా సందులు వదిలి పేర్చాను. మొదటి వారం కాగితాలు తడిసి ముద్దయ్యేవి. రోజూ మార్చేదాన్ని. ఓనరమ్మ వాళ్ళింటి పేపర్లన్నీ నాకే వచ్చేవి. బూజు చుక్కలు కనబడితే పాత టూత్‌బ్రష్షుతో, వెనిగర్‌తో తుడిచేదాన్ని. వంటింటి త్రాసు మీద తూచేదాన్ని. బరువు తగ్గుతున్నంతకాలం కర్ర ఇంకా ఆరుతున్నట్టే. తగ్గడం ఆగితే ఆరినట్టు. ఇంతకు మించి చేయడానికి ఏమీ లేదు. లోపల ఏం జరుగుతోందో కనబడదు, తొందరపెట్టడానికి వీల్లేదు.

ఆ నెలల్లో నేను ఉద్యోగాల కోసం ఇంటర్వ్యూలు ఇస్తూ ఉన్నాను. లాప్‌టాప్ ముందు పై సగానికి ఇస్త్రీ చొక్కా, కింద పాత సల్వార్. నా సగం వయసున్నవాళ్ళు మర్యాదగా ప్రశ్నలు అడిగి, మర్యాదగా మళ్ళీ చెప్తామనేవాళ్ళు. ఎవరూ మళ్ళీ చెప్పేవాళ్ళు కాదు. కాల్ అయిపోగానే మెట్ల కిందికి వెళ్ళి ఏదో ఒక గిన్నె మీది కాగితం విప్పి చూసేదాన్ని. చూడాల్సిన అవసరం ఉండేది కాదు. చేతిలో పట్టుకుంటే నిన్నటికన్నా కాస్త తేలికైనట్టు అనిపించేది. అది చాలేది ఆ పూటకు. ఒకరోజు అట్లా కూర్చుని ఉండగా ఓనరమ్మ పక్కన చేరింది. చిక్కుడుకాయల చాట నా ఒళ్ళో పెట్టింది. ఇద్దరం ఈనెలు తీశాం. లేచేటప్పుడు, "మా ఆయన ఫ్యాక్టరీ మూతబడినప్పుడు ఒక ఏడాది ఇంట్లోనే ఉండినాడు. ఈ మెట్టు మీదనే కూర్చుండేవాడు. మళ్ళా పోయినాడు పనికి," అంది.

రెండు గిన్నెలు మెట్ల కిందే పగిలాయి. రెండూ కొమ్మ పుట్టిన కణుపు దగ్గర తీసిన చెక్కవి. మిగతావి పగల్లేదు గానీ, ఏదీ గుండ్రంగా మిగల్లేదు. ఒకటి కోడిగుడ్డులా సాగింది, ఇంకోటి ఒక పక్కకు మూతి విరిచినట్టు వంగింది. మందం ఉంచింది అందుకే. నవంబరు చివర్లో బరువు నిలకడైన వాటిని మళ్ళీ లేత్‌కు ఎక్కించాను. ఈసారి పొట్టు పొడిగా రాలింది. వంకర పోయేదాకా చెక్కి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, కొబ్బరి నూనె పూశాను. చెక్కినప్పటి పసుపు తగ్గి తేనె రంగుకు దిగింది. వెలుతురు తగిలేకొద్దీ ఇంకా ముదురుతుంది. అప్పటికి నాకు రింగ్ రోడ్డు మీద ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. గిన్నెలు పూర్తి చేసింది ఆదివారాల్లోనే.

తిథి రోజు సెలవు పెట్టాను. ముందు వాటాలో ఆయన ఫోటో ముందు అరిటాకు, దాని పక్కన పెద్ద గిన్నెలో పండ్లు. బంధువులు పాతికమంది దాకా వచ్చారు. ఓనరమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. రెండు పంచెలను కలిపి కుట్టించి చీరగా కట్టుకుంది. చామంతి రంగు, నీలం అంచు. నడుము దగ్గర అతుకు కనబడుతూనే ఉంది.

ముందుగా నోరు తెరిచింది ఆమె ఆడబిడ్డ. చిక్కపేటలో వాళ్ళకు బట్టల దుకాణం ఉంది.

"వదినా, ఏంది ఇది? ఈ పొద్దు ఈ రంగు కట్టుకుంటారా ఎవరన్నా? పదిమందీ చూస్తావుండారు."

"చూడనీ," అంది ఓనరమ్మ. "ఇది మీ అన్న పంచె. ఆయన పెట్టిన మానులోంచి వచ్చిన రంగు. ఇంతకన్నా ఏం కట్టుకోవాల నేను ఈ పొద్దు?"

ఆడబిడ్డ ఏదో అనబోయి, కొంగు అంచును చేతిలోకి తీసుకుంది. బట్టల ఇంటి మనిషి కదా, అలవాటుగా బొటనవేలితో నేత తడిమింది. నీలం అంచును వెలుతురుకు తిప్పింది. ఆమె చేయి అక్కడే ఆగింది.

"ఇది నేనిచ్చింది కదా," అంది గొంతు తగ్గించి. "నీ కొడుకు పెళ్ళికి. మా అంగట్లో దీన్ని నేనే ఏరి పెట్టినాను అన్నకి."

"అవును. ఒక్కసారే కట్టినాడు. బాగుండాదని దాచినాడు."

ఆడబిడ్డ కొంగు వదలకుండా వదిన పక్కన అట్లాగే నిలబడింది. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గదిలో ఒకరిద్దరు ముఖాలు ముడుచుకునే ఉన్నారు, భోజనం దాకా ఉండకుండా వెళ్ళిపోయారు కూడా. ఓనరమ్మ వాళ్ళను ఆపలేదు. వడ్డన మొదలయ్యాక ఆడబిడ్డే చీర కుచ్చిళ్ళు దోపుకుని విస్తళ్ళ వెంట నెయ్యి వడ్డించింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఓనరమ్మ పెరటి మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర చెమటకు చీర రంగు ఆమె ముంజేతులకు, మెడకు అంటుకుంది. పసుపు రాసుకున్నట్టుంది. ఆమె చేతులు చాపి చూసుకుంది.

"కడిగితే పోతాదా?"

"ఒంటి మీదిది పోతుందమ్మా. చీరది కూడా ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంది."

"పోనీలే," అంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వడలు చాలా మిగిలాయని, పై వాటావాళ్ళు ఇంకా తినలేదని, చల్లారకముందే ఇచ్చి రమ్మని నా చేతికి పళ్ళెం ఇచ్చింది.